ఒప్పుకొన్న నేరమును వెనుకకు దీసికొనుట



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము కోర్టులకు సంబంధించినదే యైనను, అది పుట్టునది తఱచుగా మన రచ్చకట్టలమీదనే. ఒక మనుష్యునిమీద ఫిర్యాదు వచ్చును. అతడు కోర్టునకు బోవును. "ఒప్పేసుకోరా, జరిమానాతో పోతుంది" అని యెవరో చెప్పుదురు. చెప్పినవాడు వకీలు కావచ్చును, వకీలు గుమాస్తా కావచ్చును, మేనమామ కావచ్చును, ఊరిపెద్ద కావచ్చును. ఆ మాట నమ్మి అతడు న్యాయాధిపతి యెదుట నేరము నొప్పుకొనును. తరువాత, తనకు జెప్పిన దొకటి, జరిగినది మఱియొకటి యని తెలిసికొని, "అయ్యా, నా మాట నేను వెనుకకు దీసికొందును" అని మొఱపెట్టును. అట్లు దీసికొన వీలున్నదా? ఉన్నచో ఎప్పుడు, ఏ కారణముచేత? ఇదియే నా ప్రసంగవిషయము.

నేను అనంతపురపు సీమలో పుట్టి పెరిగి, కోర్టు వసారాలలో పలు సంవత్సరములు మెలగినవాడను. కావున పుస్తకములలోని మాటకంటె, ఆ మాట మన పల్లెలకు వచ్చునప్పటికి ఎట్లు మాఱునో చూచితిని. అందుచేతనే ఈ విషయమును న్యాయవాదులకంటె ముందుగా మీకు జెప్పవలెనని తోచినది.

మొదట మన నేలను దలచుకొందము. ఈ పీఠభూమిపై సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియు నొక యేడు పడును, ఒక యేడు పడదు. వేరుసెనగను నమ్మి బ్రదుకు మెట్టరైతు, వాన తప్పినచో తలుపునకు గొళ్లెము పెట్టి బెంగుళూరికి కూలికి బోవును. అట్టివానికి కోర్టు వాయిదా యనగా నేమి? ఒకనాటి కూలి పోవును. రానుపోను బస్సుఛార్జీ అగును. వెంట వచ్చిన సాక్షులకు భోజనము పెట్టించవలెను. మేస్త్రీ పనిలోనుండి తీసివేయునేమో యను భయము వేఱు. ఇట్లు పది వాయిదాలు తిరిగినచో, పడబోవు జరిమానాకంటె తిరుగుటకైన వ్యయమే మించిపోవును. అప్పుడు "ఒప్పుకొనిన పోవును" అను సలహా ఎండలో దొరికిన చలివేంద్రమువలె దోచుట సహజమే. తాను నేరము చేసెనా లేదా యను ప్రశ్న వెనుకబడి, ఈ వాయిదా బాధ తీఱునా లేదా యను ప్రశ్న ముందునకు వచ్చును. కరవు మనుష్యునిచేత జేయించు పనులలో ఇదియు నొకటి.

రెండవ కారణము మన నోటి మర్యాదలో నున్నది. రచ్చకట్టమీద తగవు జరుగునప్పుడు ఎవడో యొకడు తగ్గవలెను. తగ్గినవాడు "తప్పయిపోయింది సామీ" అనును. ఆ మాటకు అర్థము "నేను ఫలానా నేరము చేసితిని" అని కాదు. "ఇంతటితో పోనిండు" అని అర్థము. పెద్దలు దానిని మెచ్చుకొందురు. తప్పొప్పుకొన్నవాడు మంచివాడని పేరు వచ్చును. సాయంకాలమునకు ఉభయులును ఒకే బావికడ నీళ్లు తోడుకొందురు. ఇది చక్కని యాచారమే. ఊరు నిలుచుట కది యవసరము. కాని కోర్టులో ఆ మాటకు ఆ యర్థము లేదు. అచట "తప్పు" వేఱు, "నేరము" వేఱు. తప్పు మనసునకు సంబంధించినది. నేరము చట్టములోని యొక సెక్షనునకు సంబంధించినది. ఆ సెక్షనులో జెప్పిన యంశములన్నియు నేను చేసితినని యొప్పుకొన్నప్పుడే అది నేరాంగీకారమగును. రచ్చకట్టమీద నన్న మాట మఱునాటికి మఱపునకు వచ్చును. కోర్టులో నన్న మాట కాగితముమీద నిలిచి, ఆ మనుష్యుని వెంట జీవితమంతయు నడచును.

ఒక యుదాహరణమును భావింపుడు. ఇది యే యొక్కని కథయు గాదు. ఇట్టివి జరుగు తీరును దెలుపుటకై నేను గూర్చినది. ఇంటర్మీడియట్ చదివిన యొక యువకుడు కలడు. బోరు నీళ్ల పైపు విషయమున ప్రక్క చేనివానితో జగడమయ్యెను. అవతలివాడు ముందు కఱ్ఱ యెత్తెను, ఈతడు త్రోసెను, అవతలివాడు గట్టుమీద పడి గాయపడెను. కొట్టి గాయపఱచినాడని ఈతనిమీద కేసు పెట్టిరి. ఈతడు బెంగుళూరినుండి వాయిదాలకు తిరిగి తిరిగి విసిగి, ఒప్పుకొనిన జరిమానా కట్టి సాయంకాలపు బస్సుకు ఇంటికి రావచ్చునని విని, న్యాయాధిపతి యడిగినప్పుడు, "గొడవ జరిగింది నిజమే సామీ, నేనూ తోసినాను" అనెను. "ముద్దాయి నేరము నొప్పుకొనెను" అని వ్రాయబడెను. అట్టి నేరమునకు భారతీయ న్యాయ సంహితలో ఒక సంవత్సరము వఱకు ఖైదు, లేదా పదివేల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఈతనికి ఖైదు పడెననుకొందము. లేదా, జరిమానాయే పడి, మఱి రెండేండ్లకు కానిస్టేబులు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినప్పుడు, "నీవు శిక్షపడినవాడవు" అని కాగితము ఎదురు నిలిచె ననుకొందము. అప్పుడీతడు వకీలుకడకు బోయి "జైలు లేదంటివే, ఉద్యోగమునకు అడ్డము రాదంటివే" అనును. వకీలు "నేనట్లనలేదు, కోర్టు దయ యని చెప్పితిని" అనును. ఎవరి మాట నిజము?

ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయినవి. వానిని విడదీసి చూడవలెను.

మొదటిది: ఆ యువకుడు నిజముగా నేరము నొప్పుకొన్నాడా? "నేనూ తోసినాను" అన్నాడు గాని, తన్ను గొట్టవచ్చినవానిని అడ్డుకొనుటకు త్రోసెనా, పగతో త్రోసెనా యను విషయము చెప్పలేదు. అతని నెవరు నడుగలేదు. ఆత్మరక్షణార్థము చేసిన పని నేరము గాదని చట్టమే చెప్పుచున్నది. కావుననే, ఇట్టి చిన్న కేసులలో ముద్దాయి పలికిన మాటలను వీలైనంతవఱకు అతడు పలికినట్లే వ్రాసికొనవలెనని చట్టము నిర్బంధించుచున్నది. ఈ నియమము 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో నుండెను. 1973 నాటి కోడులో నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 275వ సెక్షనుగా నేడు నున్నది. ఇది వట్టి లాంఛనము గాదు. మద్రాసు రాష్ట్రపు మద్యనిషేధ చట్టము క్రింద బుట్టి, 1966 నాటి లా రిపోర్టులలో ప్రకటితమైన మహంతు కౌశల్యదాసు వ్యాజ్యమున, ముద్దాయి మాటలను అతని మాటలలో వ్రాయకపోవుట శిక్షనే చెఱచు లోపమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మన పల్లెటూరి మనిషి యాడిన యాసలోనే అతని నిర్దోషిత్వము దాగియుండవచ్చును. దానిని "ఒప్పుకొనెను" అను నొక్క మాటగా కుదించినచో అది మాయమై పోవును.

మఱియొక సంగతి. ముద్దాయి యొప్పుకొన్నంతమాత్రమున న్యాయాధిపతి శిక్షింపవలెనని నిర్బంధము లేదు. ఒప్పుకోలును వ్రాసికొని, తన విచక్షణమున దానిపై శిక్షింప"వచ్చు"నని మాత్రమే చట్టము. ఆ "వచ్చును" అను మాటలోనే మన ప్రశ్నకు సగము జవాబున్నది. ఒప్పుకోలు తెలివితోను స్వేచ్ఛతోను చేసినది కాదని న్యాయాధిపతికి దోచినచో, దానిని ప్రక్కకు ద్రోసి విచారణ జరుపవచ్చును.

రెండవది: సలహా సంగతి. వకీలు చెప్పినది తప్పని ముద్దాయి యనుటతోనే అది తప్పు గాదు. నేను చూచినంతవఱకు ఈ వివాదములు నాలుగు తెఱగులుగా నుండును. చట్టమునే తప్పుగా జెప్పుట యొకటి: ఖైదు విధింపదగిన నేరమునకు ఖైదే లేదనుట యిట్టిది. తనకు లేని యధికారముతో మాట యిచ్చుట రెండవది: "అయ్యతో మాట్లాడినాను, జరిమానాతో వదలుతారు" అనుట. ఇట్టి మాట నిచ్చు నధికారము ఏ వకీలునకును, ఏ గుమాస్తాకును, ఏ పోలీసువానికిని లేదు. తరువాత రాబోవు ఫలితములను జెప్పకుండుట మూడవది: ఉద్యోగము, లైసెన్సు, సివిలు దావా మొదలగువానిపై దాని ప్రభావము. నాలుగవది, సలహా సరియైనదే, కాని ఫలితము ఆశించినట్లు రాలేదు. ఈ నాలుగవదానికి కోర్టులో మన్నన లేదు. వాన పడునని విత్తి, పడకపోయినచో విత్తనమును వెనుకకు దీసికొనలేము గదా. మొదటి మూడింటికి మాత్రము, అవి ఋజువైనచో, కోర్టు చెవియొగ్గుటకు కారణము కలదు.

మూడవది: కాలము. ఇది యన్నింటికంటె ముఖ్యము. నేరాంగీకారమును వెనుకకు దీసికొనుటకు మన చట్టమున ప్రత్యేకముగా నొక సెక్షను లేదు. న్యాయాధిపతి విచక్షణయే ఆధారము. కావున తీర్పు వ్రాసి సంతకము చేయకమునుపు, అదే కోర్టులో, అదే న్యాయాధిపతి యెదుట దరఖాస్తు పెట్టుట మేలైన దారి. ఇంగ్లండు దేశమునను, 1971 నాటి లా రిపోర్టులలో ప్రకటితమైన యొక తీర్పున, శిక్ష విధించు వఱకు ఒప్పుకోలును మార్చుకొననిచ్చు నధికారము మేజిస్ట్రేటులకు గలదని అచటి ప్రభువుల సభ నిర్ణయించెను. మన దేశమున తీర్పుపై సంతకము పడిన పిదప, వ్రాతపొరపాటులను దిద్దుట తప్ప, ఆ న్యాయాధిపతి తన తీర్పును తానే మార్చుకొనజాలడు. అప్పుడు పై కోర్టే గతి. అందును చిక్కున్నది: ఒప్పుకొన్నవానికి, హైకోర్టే శిక్షించినచో అప్పీలే లేదు, క్రింది కోర్టు శిక్షించినచో శిక్ష యెంత, అది చట్టబద్ధమా యను రెండు విషయములమీదనే అప్పీలు కలదు. "నేను నేరమే చేయలేదు" అని సామాన్యముగా అప్పీలులో వాదింప వీలులేదు. ఒప్పుకోలే చెల్లదని చెప్పదలచినవాడు రివిజనుద్వారా సెషన్సు కోర్టునో హైకోర్టునో ఆశ్రయింపవలెను. రివిజనునకు గడువు 90 దినములు. సెషన్సు కోర్టున అప్పీలునకు 30 దినములు. సుగ్గి పనులు ముగిసిన పిదప చూతములే అని కూర్చున్నచో గడువు గడచిపోవును.

ఇక మన సుప్రీంకోర్టు ఈ విషయమున నేమనెనో రెండు వ్యాజ్యములను జెప్పెదను. 1980లో గుజరాతునుండి కాసంభాయి వ్యాజ్యము వచ్చెను. ఆహారపు కల్తీ కేసులో ముద్దాయి బేరముమీద నేరము నొప్పుకొనెను. మేజిస్ట్రేటు కోర్టు లేచు వఱకు ఖైదును, స్వల్పపు జరిమానాను విధించెను. హైకోర్టు ఆ శిక్ష చాలదని పెంచెను. ముద్దాయి గతి యేమి? తక్కువ శిక్ష యను నాశతో తన వాదమును వదలుకొనెను. వాదము పోయెను, శిక్షయు హెచ్చెను. ఇట్టి బేరమువలన బుట్టిన యొప్పుకోలుపై శిక్షించుట న్యాయము గాదని, సుదీర్ఘమైన విచారణ బాధకు జంకి నిరపరాధియు నొప్పుకొను ప్రమాదము కలదని సుప్రీంకోర్టు పలికి, ఆ శిక్షను కొట్టివేసెను.

1983 నాటి లా రిపోర్టులలో తిప్పేస్వామి వ్యాజ్యము కలదు. ఇది మన పొరుగైన కర్ణాటకమునుండి వచ్చినది. అజాగ్రత్తగా వాహనము నడపి ప్రాణహాని కలిగించెనను నభియోగము. ఒప్పుకొనగా జరిమానాతో విడిచిరి. పిదప హైకోర్టు ఖైదు విధించెను. తేలికగా విడుతుమని యాశ చూపి యొప్పించి, తరువాత శిక్ష పెంచుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు నిర్ణయించెను. శిక్షను పెంచవలెనని పై కోర్టునకు దోచినచో, మొదట ఆ శిక్షను రద్దుచేసి, కేసును మరల విచారణకు బంపి, ముద్దాయికి తన వాదమును జెప్పుకొను నవకాశ మీయవలెనని చెప్పెను. ఇందలి నీతిని గమనింపుడు. అతడు నిర్దోషి యని కోర్టు చెప్పలేదు. అతనికి నోరు విప్పు నవకాశము తిరిగి ఈయవలెనని మాత్రమే చెప్పెను. ఒప్పుకోలును వెనుకకు దీసికొనుట యనగా ఇంతే: గెలుపు గాదు, విచారణకు తిరిగి నిలబడుట.

విదేశపు తీర్పు నొకదానిని గూడ జెప్పెదను. మన పిల్లలు ఖండాంతరములకు బోవుచున్న కాలమిది. బాల్యముననే తల్లిదండ్రులతో దక్షిణ కొరియానుండి అమెరికాకు వచ్చి, అచట హోటలు నడుపుకొనుచున్న యొకనిమీద మత్తుపదార్థముల కేసు వచ్చెను. అతనికి అమెరికా పౌరసత్వము లేదు. ఒప్పుకొనిన యెడల దేశమునుండి వెడలగొట్టుదురా యని అతడు తన వకీలును పలుమాఱు లడిగెను. వెడలగొట్టరని వకీలు చెప్పెను. అది తప్పు, ఆ నేరమునకు బహిష్కారము తప్పనిసరి. 2017 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఈ లీ కేసును విచారించి, అతనిపైనున్న సాక్ష్యము బలమైనదే యైనను, సరియైన సలహా దొరికియుండిన యెడల అతడు ఒప్పుకొనక విచారణకే నిలిచియుండెడివాడని నమ్మి, అతనికి అనుకూలముగా తీర్పు చెప్పెను. ఇందు మనము నేర్చికొనదగినది యొకటి కలదు. తరువాత కలిగిన పశ్చాత్తాపమును మాత్రమే చూచి కోర్టు నమ్మలేదు. ఒప్పుకొన్న కాలమునందే అతనికి దేశములో నుండుటయే ముఖ్యమని తెలుపు ఆధారములు చూచెను. వకీలు తన సలహా తప్పని తానే యొప్పుకొనెను. కావున సలహా వివాదమైనచోట ఆనాటి కాగితము, ఆనాటి మాట, ఆనాటి సాక్షి ముఖ్యము.

ఇచట మీలో నొక పెద్ద యిట్లనవచ్చును: "అందఱు నొప్పుకొని, అందఱు వెనుకకు దీసికొనినచో కోర్టులేల? దెబ్బ తిన్నవాని గోడెవరు వినవలె?" ఈ ప్రశ్న న్యాయమైనదే. ఫిర్యాదికిని కాలము విలువైనదే. సాక్షులు చెదరిపోవుదురు; కొందఱు చనిపోవుదురు; జ్ఞాపకములు మాయును. శిక్ష రుచింపలేదని మాట మార్చువానికి కోర్టు తలుపు తీయరాదు, తీయదు కూడ. అంతియేగాక వెనుకకు దీసికొనుటవలన ముద్దాయికిని నష్టము రావచ్చును. పూర్తి విచారణలో నేరము ఋజువైనచో, ఒప్పుకొన్నవానిపై చూపు కనికరము అప్పుడుండకపోవచ్చును. ఇది యంతయు నిజమే. కాని తప్పుడు మాటతో తెచ్చిన యొప్పుకోలు ఫిర్యాదికిని మేలు చేయదు. అది పై కోర్టులో కూలినచో, ఏండ్ల తరువాత ఫిర్యాది మరల మొదటినుండి సాక్ష్యము చెప్పవలసి వచ్చును. పునాది లేని గోడను తొందరగా గట్టుటకంటె, ఆలస్యముగానైనను రాతిమీద గట్టుట ఉభయులకును మేలు.

నేరము నొప్పుకొనుటయే చెడ్డదని నేననను. గాంధీమహాత్ముడు 1917 ఏప్రిల్ 18వ తేదీన మోతీహారి కోర్టులో, ప్రభుత్వపుటుత్తరువును మీఱితినని తానే యొప్పుకొనెను. ప్రభుత్వము ఆ కేసును ఉపసంహరించుకొనెను. 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో రాజద్రోహనేరమును ఒప్పుకొని, ఆఱేండ్ల ఖైదును స్వీకరించెను. ఆయన న్యాయశాస్త్రము చదివినవాడు. ఏ మాట కే ఫలితము వచ్చునో తెలిసి పలికెను. పలికిన మాటను వెనుకకు దీసికొన నవసరము కలుగలేదు. ఆ యొప్పుకోలు బలమునుండి వచ్చినది. బస్సు తప్పిపోవునని, కూలి పోవునని భయపడి చేయు నొప్పుకోలు బలహీనతనుండి వచ్చినది. రెంటి మాటలు నొకటే. రెంటి విలువ యొకటి గాదు.

నిజముగా నేరము చేసి, బాధితునకు నష్టపరిహార మిచ్చి, తేలికపాటి శిక్షతో బయటపడదలచినవానికి చట్టమే యొక దారిని 2006 జూలై 5వ తేదీనుండి తెఱచినది. దానిని ప్లీ బార్గెయినింగు అందురు. నేరాంగీకారపు టొడంబడిక యని మనము పిలువవచ్చును. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములకే ఇది వర్తించును. స్త్రీలపైనను, పిల్లలపైనను జరిగిన నేరములకు వర్తింపదు. నేటి సంహిత ప్రకారము అభియోగము ఏర్పడిన 30 దినములలోపల ముద్దాయియే దరఖాస్తు పెట్టవలెను. శిక్ష యెంతయో తెలిసికొని, స్వేచ్ఛగా నడుగుచున్నానని ప్రమాణపత్ర మీయవలెను. న్యాయాధిపతి అవతలి పక్షము లేకుండ అతనిని ప్రత్యేకముగా ప్రశ్నించి, ఎవరి బలవంతమును లేదని తెలిసికొనవలెను. ఆ తీర్పుపై అప్పీలు లేదు. రాజ్యాంగము క్రింద హైకోర్టును, సుప్రీంకోర్టును ప్రత్యేకముగా వేడుకొనుట మాత్రమే మిగులును. చెవిలో చెప్పిన బేరమునకును, కాగితముమీద న్యాయాధిపతి యెదుట జరిగిన యొడంబడికకును ఇంత భేదము కలదు. మొదటి నేరస్థుని మందలించియో, మంచి నడవడికకు పూచీ తీసికొనియో విడుచుటకు 1958 నాటి ప్రొబేషను చట్టము కూడ కలదు. ఆ చట్టము క్రింద విడిచినచో, శిక్షవలన చట్టరీత్యా గలుగు అనర్హత అతని కంటదు. ఒప్పుకొనమని చెప్పు వకీలు, ఈ చట్టము క్రింద దరఖాస్తు చేయుదునని చెప్పెనా లేదా యని అడుగుట మన హక్కు.

ఇక పెద్దలుగా మీరు చేయదగిన పని చెప్పెదను. మీ యూరివాడెవడైన "ఒప్పుకొందునా?" అని మిమ్ము నడిగినప్పుడు, వెంటనే అవుననికాని కాదనికాని చెప్పకుడు. నాలుగు ప్రశ్న లడుగుడు. ఏ సెక్షను క్రింద కేసు, దానికి హెచ్చు శిక్ష యెంత? అందులో జెప్పిన పనియంతయు నీవు చేసితివా, లేక కొంతయేనా? నీకు ఉద్యోగము, లైసెన్సు, పాసుపోర్టు, భూమి దావా వీనిలో నేదైన ఉన్నదా? తక్కువ శిక్ష యని నీకు చెప్పినదెవరు, ఆయనకు ఆ మాట యిచ్చు నధికార మున్నదా? భూమి తగవులున్నచోట మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. నేడు జరిమానాతో పోవునని గట్టు జగడములో చేసిన యొప్పుకోలును రేపు సివిలు దావాలో నీ మాటయేనని ప్రతివాదులు చూపవచ్చును.

కోర్టులో అభియోగమును తెలుగున చదివి వివరింపుమని నిర్భయముగా అడుగవచ్చును. తెలియనిచో "తెలియలేదు" అనవచ్చును. ఆలోచించుకొనుటకు గడువు నిండని వేడవచ్చును. ఇవి మర్యాదకు విరుద్ధములు గావు.

జరుగవలసినది జరిగిపోయినచో, మొదట ఒప్పుకోలును వ్రాసిన కాగితమునకును, తీర్పునకును నకళ్లకై దరఖాస్తు పెట్టింపుడు. అందులో మనవాని మాటలెట్లు వ్రాయబడినవో చదివింపుడు. సలహా నిచ్చిన దినమున ఎవరెవరుండిరో, ఏ మాట పలికిరో జ్ఞాపకముండగానే వ్రాసి పెట్టుకొనుడు. వేఱొక వకీలుచేత చదివించి యభిప్రాయము దీసికొనుడు. మొదటి వకీలుమీద ఆవేశముతో నిందలు మోపకుడు. ఆయన చెప్పినదేమో, మనవాడు విన్నదేమో, రెంటి నడుమ దూర మెంతయో ముందు తెలిసికొనుడు. నిజముగా వృత్తిధర్మమును తప్పియుండినచో, 1961 నాటి అడ్వొకేట్ల చట్టము క్రింద రాష్ట్రపు బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. కాని అది వేఱు దారి. దానివలన మనవాని శిక్ష మాఱదు. శిక్ష మార్చు దారి కోర్టుద్వారానే, గడువులోపలనే.

డబ్బు లేదందురా? 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమును మన సీమవారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, నిర్బంధములో నున్నవారికిని ఉచితముగా వకీలు నిచ్చునట్టి ఆ చట్టపు 12వ సెక్షనులో, వరదకును భూకంపమునకును నడుమ, కరవు పాలబడినవారు కూడ చెప్పబడియున్నారు. చట్టము చేసినవారు మన పేరు వ్రాయలేదు గాని మన బాధ పేరు వ్రాసిరి. జిల్లా కోర్టునందలి న్యాయసేవాధికార సంస్థలోగాని, మండల న్యాయసేవా కమిటీలోగాని దరఖాస్తు పెట్టవచ్చును; 15100 అను నంబరునకు టెలిఫోను చేయవచ్చును. 1986లో సుఖదాసు వ్యాజ్యమున, ఉచిత న్యాయసహాయపు హక్కు కలదని ముద్దాయికి చెప్పకయే జరిపిన విచారణ చెల్లదని సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. అడుగక పోయిననేమి, చెప్పవలసిన భారము కోర్టుదే యని దాని సారము.

పెద్దలారా, 1816లో థామస్ మన్రో సూచనలమీద మద్రాసు ప్రభుత్వము గ్రామ మునసబుల కధికార మిచ్చినప్పటికి ముందునుండియు ఈ సీమలో తగవులు పెద్దల మాటపై తీఱుచుండెను. నేడు ఆ యధికారము కోర్టులది. కాని కోర్టునకు బోవువాడు బయలుదేఱుటకు ముందు చూచునది మీ ముఖమే. "ఒప్పేసుకోరా" అను మీ మాట ఒక్క క్షణములో వెలువడును, దానిని వెనుకకు దీసికొనుటకు వానికి ఏండ్లు పట్టును, ఒక్కొకప్పుడు వీలుపడదు. కావున ఆ మాట నోటికి వచ్చినప్పుడు దానిని నాలుకమీద నిలిపి, "ముందు కాగితము చదివించుకొని రా" అని చెప్పుడు. సత్యమైన యొప్పుకోలునకు ఒక దినపు టాలస్యమువలన హాని లేదు. అసత్యమైనదానికి ఆ యొక్క దినమే రక్ష.